ఎమెట్ గ్రూబర్ ఎవరినీ కౌగిలించుకోడు

మా క్లేటన్ బెండ్‌లో ఎమెట్ గ్రూబర్ వస్తున్నాడంటే తల తిప్పి చూడక్కర్లేదు, మోకాళ్ళ చప్పుడే చెబుతుంది. వయసులో ఉన్నన్నాళ్ళూ బేస్‌బాల్‌లో క్యాచర్‌గా, బంతి కొట్టేవాడి వెనక గొంతుక్కూచున్న మోకాళ్ళవి, ఇంకెలా ఉంటాయి? కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు చూస్తుంటాయి. చర్చిలో చేతులు జోడిస్తే రెండు వేళ్ళు దేవుడికేసి, ఒకటి పక్కనున్న బెర్నీస్‌కేసి చూపిస్తాయి. "ఆ వేలు నా మీంచి తియ్యవయ్యా, నేనేం పాపం చేశాను" అంటుంది బెర్నీస్. స్టేడియంలో పంది మాంసం శాండ్‌విచ్‌లు అమ్మే మనిషి ఆవిడ. ఊళ్ళో ఏ కబురైనా ముందు ఆవిడ బాణలి దగ్గర వేగి ఆ తర్వాతే బయటికొస్తుంది.

ఎమెట్ మా ఊరి జట్టుకి మేనేజరు. జట్టు పేరు జెల్లలు. నవ్వకండి, మిసిసిపీ ఒడ్డున పుట్టిన జట్టుకి జెల్లచేప పేరు కాక సింహం పేరు పెడతారా? ఎక్కడో మహానగరంలో ఉన్న పెద్ద జట్టుకి ఇది నారుమడి. వాళ్ళు కుర్రాళ్ళని ఏరి తెచ్చి ఇక్కడ నాటుతారు, ఎమెట్ నీళ్ళు పోసి పెంచుతాడు, కాస్త ఎదిగారనగానే పీక్కుపోతారు. పైకెళ్ళి పేరు తెచ్చుకున్నవాళ్ళు కొందరు, ఇక్కడే ఎండిపోయి ఇంటిదారి పట్టినవాళ్ళు బోలెడంతమంది. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు?

కొట్టినవాడు పరుగెత్తాలి. ఎమెట్‌కి అదొక్కటే వేదం. కొట్టిన బంతి నేరుగా వెళ్ళి అవతలివాడి చేతిలో పడినా సరే, అవుటైపోయానని తనకి ముందే తెలిసినా సరే, మైదానంలో గుర్తుపెట్టిన మొదటి బేస్ దాకా ప్రాణం పెట్టి పరుగెత్తాల్సిందే. నడిచాడా, అయిపోయాడు. ఎంతటి మొనగాణ్ణయినా ఆ పూటకి తీసి బల్లమీద కూర్చోబెడతాడు. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి తీస్తే ఆ ఆటలోకి మళ్ళీ రావడానికి లేదు. ఈ శిక్ష తినని కుర్రాడు జెల్లల్లో లేడనే చెప్పాలి.

ఇక ఆయన ఎవరినీ కౌగిలించుకోడు. ఇదేం గుణమని అడక్కండి, వినండి. జట్ల మధ్య ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకోవడానికి జూలై నెలాఖరు గడువు. ఆ రోజుల్లో ఆడుతున్న కుర్రాణ్ణి ఉన్నట్టుండి మధ్యలో తీసేశారంటే అర్థం ఒక్కటే. వాణ్ణి ఎవరికో ఇచ్చేశారు, ఒంటికి దెబ్బ తగలకుండా దాస్తున్నారు. అంతే, ఇక మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్‌లో ఉన్నవాళ్ళందరూ లేచి వరసకట్టి వాణ్ణి కావలించుకుంటారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు. పెళ్ళికూతుర్ని అత్తారింటికి సాగనంపడం కూడా అంత ఏడుపుగా ఉండదు. ఎమెట్ మాత్రం ఆ వరసలో నిలబడడు. ఆ వంకర వేళ్ళతో ఓ కరచాలనం చేసి, "పరుగెత్తడం మానకు" అని అటు తిరిగిపోతాడు.

ఆయన్నీ ఒకప్పుడు ఇలాగే ఇచ్చేశారు. అప్పుడాయన టెక్సాస్‌లో ఏదో దుమ్ముకొట్టుకుపోయిన ఊళ్ళో ఆడేవాడు. పైనున్న జట్టుకి బంతి విసిరే పిచర్ ఒకడు కావలసివచ్చి ముగ్గురు కుర్రాళ్ళని ఇచ్చారు, పైన ఇంకొకణ్ణి కొసరేశారు. ఆ కొసరు ఎమెట్. బస్సెక్కబోతుంటే డ్రైవరు, "నువ్వెక్కకు బాబూ, నువ్విప్పుడు మావాడివి కాదటగా" అన్నాడు. పొద్దున్నే పేపరు కొని చూసుకుంటే ముగ్గురి పేర్లూ వేసి, చివర్న "మరో ఆటగాడు" అని ఉంది. ఆ రెండు ముక్కలూ ఆయన గుండెలో ముల్లులా దిగబడిపోయాయి. నేను జట్టు పారేసిన మనిషిని, అనుకునేవాడు. పెద్ద మైదానంలో ఒక్క ఆటైనా ఆడకుండానే మోకాళ్ళు పోయి మేనేజరయ్యాడు. తనని ఇచ్చి కొన్న ఆ పిచర్ కథ వస్తే మాత్రం నవ్వేవాడు. "వాడి భుజం క్రిస్మస్ దాకా కూడా ఆగలేదు. వాళ్ళకీ దక్కలేదు, నాకూ దక్కలేదు" అనేవాడు. అప్పట్నుంచీ తన కుర్రాళ్ళెవరికైనా ఆ కబురు తనే చెబుతాడు, ఇంకొకరి నోట విననివ్వడు.

మొన్నటి జూలైలో జెల్లల్లో ఇద్దరు కుర్రాళ్ళుండేవారు. ఒకడు అనేల్ పౌలీనో, డొమినికన్ దేశంలోని బనీ అనే ఊరివాడు, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపుండే షార్ట్‌స్టాప్. వాడు బంతిని పట్టుకున్నట్టే ఉండదండీ, బంతే వెతుక్కుంటూ వచ్చి వాడి చేతిలో వాలినట్టుంటుంది. ఎమెట్ భార్య లొరెట్టా పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆదివారాలు ఈ కుర్రాళ్ళకి వండిపెడుతుంది. అనేల్ మొదటిసారి వచ్చినప్పుడు పాపం వాడి కోసం అన్నం, చిక్కుడు గింజలు వండింది. వాడు తిని, వంటింట్లోకి వచ్చి గిన్నె తొంగిచూశాడు.

"మాడేదీ, మమా లొరెట్టా?"

"ఏం మాడు? చక్కగా వండితే మాడెందుకుంటుంది?"

"అడుగంటిన మాడు లేకపోతే అది అన్నమేనా? మా ఇంట్లో దానికోసం కొట్టుకుంటాం."

అప్పట్నుంచి లొరెట్టా కావాలని అన్నం అడుగంటిస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో మాడబెట్టినందుకు మెచ్చుకున్నవాడు వీడొక్కడేనని మురిసిపోయేది.

రెండోవాడు గ్రేడీ స్టౌట్. నెబ్రాస్కా రైతుబిడ్డ, గాదె తలుపంత వీపు, క్యాచర్. మెలితిరిగే బంతి పడితే కొట్టలేక తెల్లమొహం వేస్తాడు గానీ, పిచర్లకి వాడంటే ప్రాణం. కంగారుపడ్డ పిచర్ దగ్గరికి నెమ్మదిగా నడిచివెళ్ళి ఏదో చెప్పి నవ్వించి వస్తాడు. ఏం చెప్పావురా అని ఎమెట్ అడిగితే, "ఏం లేదు స్కిప్పర్, మా ఆవు ఈనిన సంగతి చెప్పాను" అంటాడు. ఎమెట్ తనకొచ్చిన విద్యంతా వాడికే పోశాడు. ఖాళీ దొరికితే చాలు, ఇద్దరూ ఎమెట్ కారు షెడ్డులో కూర్చుని చేతితొడుగులకి తెగిన తోలు తాళ్ళు మారుస్తూ ఉండేవారు. గంటసేపు కూర్చున్నా పది మాటలు మాట్లాడుకునేవారు కాదు. ఎమెట్‌కి ఇద్దరు కూతుళ్ళున్నారు గానీ, బేస్‌బాల్ పేరెత్తితే ఇద్దరికీ ఆవలింతలే. గ్రేడీ వచ్చాక ఆయన షెడ్డులో రెండో ముక్కాలిపీట వేశాడు.

ఆ ఏడాది పెద్ద జట్టుకి అదృష్టం తన్నుకొచ్చింది. తాతలనాటి నుంచీ కప్పు మొహం చూడని జట్టు అందరికన్నా పైన కూర్చుంది. కానీ ఉన్న పిచర్లలో ఇద్దరికి భుజాలు పోయాయి. మొదటి బంతి నుంచీ వేసి, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఆరేడు ఒంటిచేత్తో లాక్కొచ్చే పిచర్ ఒకడు కావాలి. అలాంటివాడు పడమటి తీరంలో ఓడిపోతున్న జట్టులో ఉన్నాడు. ఇస్తాం గానీ ఊరికే ఇస్తామా, అన్నారు వాళ్ళు. గడువు ఆదివారమనగా శనివారం నాడు ఎమెట్‌కి ఫోనొచ్చింది. పెద్ద జట్టులో నారుమళ్ళ బాధ్యతంతా చూసే అమ్మాయి హాలీ ప్రాక్టర్ చేసింది.

"ఎమెట్ గారూ, వాళ్ళు ఇద్దర్ని అడుగుతున్నారు. ఒకడు ఖాయమైపోయాడు, మీ దగ్గరివాడు కాదులెండి. రెండోవాడు మాత్రం మీ జెల్లల్లోంచే. అనేల్ గానీ, గ్రేడీ గానీ. ఇద్దరి పేర్లూ రాసి పంపారు, ఎవరైనా సరేనంటున్నారు."

"ఎవరైనా సరే అయితే ఇంకేం అమ్మాయ్, బొమ్మాబొరుసూ వేసుకోండి."

"అదీ అయింది. ఇక్కడ బల్ల చుట్టూ సగం మంది, అనేల్ ఇంకా పచ్చికాయ, ఇచ్చేద్దామంటారు. సగం మంది గ్రేడీని ఇచ్చేద్దామంటారు. తల వాచిపోతోందనుకోండి. రోజూ చూసేది మీరు, మీరు ఏ పేరు చెబితే ఆ పేరు. రేపు సాయంత్రం ఐదింటిలోపు చెప్పాలి."

"గ్రేడీని ముట్టుకోకండి. వాణ్ణిస్తే నా కుడిచెయ్యి నరికిచ్చినట్టే."

"అయితే అనేల్ అని రాసుకోనా?"

ఆ మాట మాత్రం ఎమెట్ నోటిదాకా వచ్చి ఆగింది. "రేపు ఆట అయ్యాక నేనే చేస్తా" అని పెట్టేశాడు.

లొరెట్టా పక్కనే బట్టలు మడతపెడుతోంది. అన్నీ వింది.

"బంగారంలాంటి పిల్లాడు. వాణ్ణా ఇచ్చేస్తావు?"

"బంగారం కాబట్టే. ఎక్కడ పడేసినా మెరుస్తాడు. గ్రేడీ అలా కాదు, వాడికి మనం కావాలి."

"వాడికి మనం కావాలా, నీకు వాడు కావాలా?"

"నువ్వు నీ పోస్టాఫీసు సంగతి చూసుకోవే."

"రిటైరయ్యాగా. ఇప్పుడు నీ సంగతే చూస్తున్నా" అంది లొరెట్టా, చొక్కా దులుపుతూ.

ఎమెట్‌కి తెలుసండీ. కాకిపిల్ల కాకికి ముద్దని ఆయనకి ఒకరు చెప్పాలా? ఎవరైనా అడిగి ప్రమాణం చేయమంటే, ఇద్దర్లో దాచుకోవలసినవాడు అనేలే అని ఒప్పుకునేవాడు. అయినా మనసు ఒప్పుకోదు. తన తర్వాత ఆ డగౌట్‌లో తన చోట కూర్చునేది గ్రేడీయేనని ఎప్పుడో నిశ్చయించేసుకున్నాడు. ఆ మాట గ్రేడీకి చెప్పలేదు, లొరెట్టాకీ చెప్పలేదు. ముక్కాలిపీట వేసి ఊరుకున్నాడంతే.

ఆదివారం మధ్యాహ్నం ఆట. ఎండ మాడ్చేస్తోంది, నది మీంచి చేపల వాసన కొడుతోంది. జనం మొక్కజొన్న పొత్తులు పట్టుకుని కూర్చున్నారు గానీ ఎవరి కళ్ళూ ఆట మీద లేవు, అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. జెల్లల్లోంచి ఒకడు పోతున్నాడని పుకారు. అనేలా, గ్రేడీయా అని బెర్నీస్ కొట్టు దగ్గర పందేలు కూడా నడుస్తున్నాయి. కుర్రాళ్ళు మాత్రం తెలియనట్టు నటిస్తూ, సందు దొరికితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

ఐదో ఇన్నింగ్స్‌లో అనేల్ కొట్టిన బంతి రెండు గెంతులు గెంతి పిచర్ చేతిలోకే పోయింది. అవుటే, అందులో సందేహం లేదు. కానీ అనేల్ పరుగెత్తలేదు. వాడి బుర్ర ఎక్కడుందో, పెరట్లో పచార్లు చేస్తున్నట్టు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఎమెట్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఇంకేమీ ఆలోచించలేదు. అంపైర్ దగ్గరికి వెళ్ళి, "వాణ్ణి తీసేస్తున్నా, ఇంకొకణ్ణి పంపుతున్నా" అని చెప్పేశాడు.

తిరిగొచ్చి డగౌట్ మెట్టుమీద కాలు పెట్టాక గుర్తొచ్చింది, ఆ రోజు ఏ రోజో. అయ్యో, ఎంత పని చేశాను, అనుకునేలోపే చేతులు దాటిపోయింది. ముందు బ్యాటింగ్ కోచ్ లేచి అనేల్‌ని గట్టిగా కావలించుకున్నాడు. వాడి వెనక ఇంకొకడు. చూస్తుండగానే మొత్తం జట్టు వరసకట్టేసింది. పైన ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, స్టేడియం అంతా లేచి నిలబడింది. బెర్నీస్ బాణలి వదిలేసి, ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి, తను పెట్టిన దోసకాయ ఊరగాయ సీసా రెయిలింగ్ మీంచి అనేల్ చేతిలో పెట్టింది.

"అక్కడ ఏం తింటావో ఏమో నాయనా, వేళకి తిను" అంది.

అనేల్ ఆ సీసా చంకలో పెట్టుకుని, ధారలు కడుతున్న కళ్ళతో ఎమెట్ ముందుకొచ్చి నిలబడి, తన భాషలో మర్యాదగా పిలిచాడు. "దోన్ ఎమెట్, నేను నేర్చుకున్న ఇంగ్లీషంతా మీ తిట్లే. అవే నన్ను మనిషిని చేశాయి. మమా లొరెట్టాకి చెప్పండి, మా అమ్మకి కూడా అంత బాగా మాడ్చడం రాదని."

ఒరేయ్ సన్నాసీ, బద్ధకించావని తీశాను, ఇంకే కారణమూ లేదు, అని చెప్పేద్దామని నోరు తెరిచాడు ఎమెట్. తీరా చూస్తే ఏం చెప్పాలి? ఐదింటికి వీణ్ణి తనే పంపబోతున్నాడు గదా. అబద్ధం కాస్తా కాసేపట్లో నిజమవుతుంది. అందుకని ఆ వంకర వేళ్ళతో చెయ్యి కలిపి, "పరుగెత్తడం మానకు" అన్నాడు. ఆ పూట ఆ మాట ఎంత పొసిగిందో అనేల్‌కి తెలియలేదు.

వరసలో చివరివాడు గ్రేడీ. అనేల్‌ని అమాంతం ఎత్తి దించాడు, నవ్వాడు, వీపు మీద చరిచాడు. తర్వాత వెళ్ళి బల్ల చివర కూర్చుని కాలికవచం పట్టీలు విప్పాడు, పెట్టాడు, మళ్ళీ విప్పాడు. ఎమెట్ అది చూశాడు. అనేల్ సంచీ సర్దుకోవడానికి లోపలికెళ్ళిపోయాడు, ఆట సాగింది. తర్వాతి ఇన్నింగ్స్‌లో గ్రేడీ కాళ్ళ సందులోంచి ఓ మామూలు బంతి జారిపోయింది. వాడు అలాంటి బంతి వదలడం ఆ ఏడాది ఎవరూ చూడలేదు.

ఇన్నింగ్స్ అయ్యాక వచ్చి ఎమెట్ పక్కన కూర్చున్నాడు. మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"స్కిప్పర్, నా పేరు కూడా అడిగారని వాళ్ళూ వీళ్ళూ అన్నారు. ఉత్తదేగా?"

"ఆట చూడు."

"చూస్తున్నా. మా నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు, ఏమన్నా తెలిస్తే వెంటనే చెప్పమని. ట్రాక్టరు మీద కూడా ఫోను జేబులోనే పెట్టుకుంటాడట." గ్రేడీ నవ్వాడు. "ఆయన పిచ్చిగానీ, నన్నెవరడుగుతారు లెండి."

ఎమెట్ పొద్దుతిరుగుడు గింజలు నోట్లో వేసుకుని నమలడం మర్చిపోయాడు.

"పోనీలెండి స్కిప్పర్. నాకేం, మీ దగ్గరే పడుంటా. మీకు ఓపిక తగ్గాక ఈ చోటు నాకిచ్చేద్దురుగాని. తొడుగులు కుట్టుకుంటూ బతికేస్తా."

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఎమెట్ లోపల్లోపల ఆశపడ్డాడో సరిగ్గా అదే మాట, అడక్కుండానే వచ్చి ఒళ్ళో పడింది. పడ్డాక మాత్రం ఆయనకి సంతోషం కలగలేదు. ముసలాడు అనుకోవలసిన మాట అది. మీసం సరిగా రాని కుర్రాడి నోట్లోంచి వచ్చింది. ఎక్కడికీ పోననే మాట ఆ వయసులో సంతోషం మీద రాదు, ఆశ చచ్చాక వస్తుంది. దానికి తనే ముక్కాలిపీట వేశాడు.

ఆయనకింకోటి కూడా తోచింది, ఇన్నేళ్ళలో ఎన్నడూ తోచనిది. ఆ రోజున పేపర్లో "మరో ఆటగాడు" అని చదివి, నన్ను పారేశారనే అనుకున్నాడు గానీ, అవతల ఎవడో ఒకడు "ఆ క్యాచర్ కుర్రాణ్ణి కూడా వెయ్యండి" అని అడిగి ఉంటాడు గదా. పేరు తెలియని ఆ మనిషి తనని కావాలనుకున్నాడు. ఒక జట్టు వదులుకుందనే ఏడ్చాడు గానీ, ఇంకో జట్టు చెయ్యి చాచిందన్న సంగతే పట్టించుకోలేదు. ఇప్పుడు గ్రేడీ వైపు ఒకరు చెయ్యి చాచారు. మధ్యలో తను అడ్డం కూర్చున్నాడు.

ఆట అయిపోయింది. జెల్లలు ఓడారో గెలిచారో చెప్పమంటే ఆ రోజు సగం మందికి గుర్తులేదు. కుర్రాళ్ళు అనేల్‌ని భుజాలమీద ఎత్తుకుని, నది ఒడ్డున చేపల వేపుడు పెట్టి సాగనంపుదామని ఊరేగింపుగా తీసుకుపోయారు. బెర్నీస్ బాణలి కూడా వాళ్ళతో వెళ్ళింది. ఎమెట్ తన గదిలోకెళ్ళి తలుపు వేసుకుని హాలీకి ఫోన్ చేశాడు.

"ఏమిటండీ ఇది, మేం చెప్పకుండానే అనేల్‌ని తీసేశారు?" అంది హాలీ. "ప్రపంచమంతా తెలిసిపోయింది. సరే, అనేలేగా?"

"వాడు పరుగెత్తలేదు, తీశాను. అంతే."

అవతల పగలబడి నవ్వు. "ఈ రోజునా? మీకు ఈ రోజే దొరికిందా?"

"నవ్వింది చాల్లే అమ్మాయ్. పేరు చెప్తున్నా, రాసుకో. గ్రేడీ స్టౌట్."

నవ్వు ఆగింది. "నిన్న మీరేగా కుడిచెయ్యి అన్నారు?"

"అన్నాను. అది నా అవసరం, వాడిది కాదు. మన పెద్ద జట్టులో ఉన్న క్యాచర్ ఇంకో అయిదేళ్ళు కుర్చీ దిగడు. వాడి వెనక గ్రేడీ ఇక్కడే నానిపోతాడు. ఆ పడమటివాళ్ళకి సరైన క్యాచర్ లేడు, పైగా అక్కడున్నవాళ్ళంతా పసి పిచర్లు. వాళ్ళకి ఆవు ఈనిన కథలు చెప్పేవాడు కావాలి."

"ఏ ఆవు?"

"వాళ్ళకి తెలుస్తుందిలే. ఇంకోమాట. పేపరుకి పంపేటప్పుడు వాడి పేరు పూర్తిగా రాయించు. ఇంటిపేరుతో సహా. మరో ఆటగాడు అన్నారో, నేను నగరానికొచ్చి మీ బల్ల తిరగేస్తాను."

"రాయిస్తాను ఎమెట్ గారూ" అంది హాలీ, ఈసారి నవ్వకుండా.

అనేల్ సంగతా? చెప్పకపోతే మీరు ఊరుకోరు. చేపలు సగం తిన్నాక కబురు తెలిసింది. మొదట నమ్మలేదు, తర్వాత బెర్నీస్‌ని ఎత్తి గిరగిరా తిప్పాడు. మర్నాడు మైదానంలోకి వస్తే జనం మళ్ళీ లేచి నిలబడ్డారు, ఈసారి నవ్వడానికి. "పోయినోడొచ్చాడ్రోయ్" అని అరిచారు. బెర్నీస్ నడుంమీద చేతులేసుకుని, "నా ఊరగాయ సీసా ఏదిరా" అంది. సగం తినేశానన్నాడు. "కన్నీళ్ళు పెట్టుకుని ఇచ్చాను, ఖాళీ సీసా అయినా తెచ్చివ్వు" అంది. ఆ వారమంతా వాడు ఉత్త బంతికి కూడా గుర్రంలా పరుగెత్తాడు.

కానీ అది మర్నాటి మాట. ఆ ఆదివారం సాయంత్రం దుస్తుల గదిలో మిగిలింది గ్రేడీ ఒక్కడే. క్యాచర్ల మోకాళ్ళకి ఆట అయ్యాక ఐసు కట్టాలి, అందుకని ఎప్పుడూ వాళ్ళే ఆఖర్న వెళతారు. రెండు మోకాళ్ళకీ సంచులు కట్టుకుని, ఖాళీ బల్లల మధ్య కూర్చుని ఉన్నాడు. ఎమెట్ మోకాళ్ళు చప్పుడు చేసుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాయి.

"మీ నాన్నకి ఫోన్ చెయ్యి."

"ఏమైంది స్కిప్పర్?"

"ట్రాక్టరు ఆపి మాట్లాడమను. నిన్ను తీసుకున్నారు. పడమటికెళ్తున్నావు."

గ్రేడీ చటుక్కున లేచాడు. ఐసు సంచి ఒకటి జారి కింద పడింది. "మరి అనేల్?"

"వాడు బద్ధకిస్తే తీశాను. బుద్ధిలేక తీశాను. వాడెక్కడికీ పోవట్లేదు."

"నన్నా? నన్ను అడిగారా?"

"పేరు పెట్టి అడిగారు."

"మీరు నా కోసం అంటున్నారు."

"నేనెప్పుడన్నా నీ కోసం అబద్ధమాడానురా? మెలిబంతి కొట్టడం రాదని నీ మొహమ్మీద ఎన్నిసార్లు చెప్పలేదు? పేరు రాసి పంపారు. నిన్నిస్తే సరేనన్నారు, నేను సరేనన్నాను."

గ్రేడీ మొహం ముందు వెలిగింది. తర్వాత ఆ చివరి ముక్క లోపలికి దిగింది కాబోలు, ఎమెట్ కళ్ళలోకి చూశాడు. "మీరు సరేనన్నారా?"

"అన్నాను."

ఆ కుర్రాడు ఫోను తీశాడు. గోడవైపు తిరిగి నాన్నకి ఫోన్ చేశాడు. అవతల పెద్దాయన పెట్టిన కేక ఎమెట్‌కి కూడా వినిపించింది. తర్వాత గ్రేడీ సంచీ సర్దుకున్నాడు. మాస్కు, కవచాలు, ఇద్దరూ కలిసి తాళ్ళు మార్చిన తొడుగు, ఒక్కొక్కటీ నెమ్మదిగా పెట్టాడు. విమానానికి టైమైపోతోంది, బయట లొరెట్టా కారు స్టార్ట్ చేసి కూర్చుంది. సంచీ భుజాన వేసుకుని గ్రేడీ గదంతా ఒకసారి కలయజూశాడు. ఎవరూ లేరు. జట్టు మొత్తం నది ఒడ్డున ఉంది. ఇలాంటి రోజున ఇవ్వాల్సిన కౌగిలింతలన్నీ ఐదో ఇన్నింగ్స్‌లోనే, వెళ్ళనివాడికి ఇచ్చేశారు.

ఎమెట్ లేచి అలవాటు ప్రకారం చెయ్యి చాచాడు. గ్రేడీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పరుగెత్తడం..." అన్నాడు ఎమెట్. మిగతాది రాలేదు.

ఆ చేతినే దగ్గరికి లాగి ఆ గాదె తలుపంత వీపుని రెండు చేతులా చుట్టేశాడు. అలవాటు లేని పని, చేతులు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనకి తెలియలేదు. వంకర వేళ్ళు చొక్కాలో చిక్కుకున్నాయి. గడ్డం కుర్రాడి భుజమ్మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. బయట లొరెట్టా ఒకసారి హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టలేదు.

"స్కిప్పర్" అన్నాడు గ్రేడీ కాసేపటికి. "నేను వెళ్ళాలి."

"తెలుసురా" అన్నాడు ఎమెట్. అని, ఇంకాసేపు వదల్లేదు.